బంధువుల విందు

నెల్లూరు సీమలో నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దబాటమీద దొరవారిసత్రమను నూరు కలదు. 2022వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినపుడు ఇది తిరుపతి జిల్లాలో చేరినది గాని, వంట మాత్రము నెల్లూరు వంటగనే నిలిచియున్నది. బాటసారులు దిగి యాకలి తీర్చుకొన్న సత్రమే యీ యూరికి మూలమని పేరే చెప్పుచున్నది. రైలుబండి రాకమునుపు ప్రయాణమనగా దినదినమును వంటతో కూడిన పని. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, నెల్లూరు మీదుగా మరలివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన నిల్లు చేరిరి. వారి కాశీయాత్రచరిత్ర చదువువారికి, ఏ మజిలీలో నీరు మంచిది, ఎచ్చట సరకులు దొరకును అను విచారము పుటపుటను కనబడును.

సత్రములలో నన్నము అందఱికి నొక్కతీరున దొరకినది కాదు. అనేక సత్రములందు బ్రాహ్మణులకు వండిన యన్నము పెట్టుచు, తక్కినవారికి బియ్యము, పప్పు ఇచ్చి వేఱుగా వండుకొనుమనుచుండిరి. అంటరానివారని పేరు పెట్టబడినవారు గడపయే దాటరాదు. ధర్మము చేసినవారి పుణ్యమును మేము కాదనము. ఆ ధర్మమునకు పంక్తికొక కొలత యుండెనని మాత్రము చెప్పక తప్పదు.

ఇటీవల మేమా యూర నొక బంధుగృహమున విందునకు పోయియుంటిమి. నలుబదిమంది చుట్టములు కూడిరి. ముందునాటి సాయంకాలముననే ఆ యింటి పెద్దమ్మ కొరమీనుల పులుసు పెట్టినది. చింతపండు రసములో మామిడికాయ ముక్కలు వేసి, చేప చెదరునని గరిటె తగులనీయక, చట్టిని గుడ్డతో రెండుప్రక్కల పట్టి కుదుపుచుండెను. ఒక రాత్రి నిలిచిననేగాని చేపలపులుసు రుచికి రాదని అచ్చటివారి నమ్మకము. మఱునాడు మా నాలుక దానిని కాదనలేదు! అన్నము మొలగొలుకుల బియ్యముతో వండినది. నెల్లూరు పేరు తెలిసినవారికి ఆ బియ్యమును గూర్చి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఆ పులుసును తాతలనాటి వంటయని యొక వృద్ధుడు మెచ్చుకొనెను. నిజమే; కాని యెందఱు తాతలనాటిది? అందలి మిరపకాయ అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట మన దేశమునకు వచ్చినది. అంతకుమునుపు మన కారము మిరియమే. క్రొత్తకాయ పేరునందు ఆ మిరియపు ఛాయ నేటికిని వినబడుచున్నది. శ్రీనాథ మహాకవి యెన్ని విందులారగించినను, మిరపకాయ వేసిన గోంగూర పచ్చడి నెఱుగడు పాపము. సముద్రములు దాటివచ్చిన కాయను ఏ ప్రాయశ్చిత్తమును లేక పొయ్యిమీదికి నెక్కించుకొన్న మన వంటయిల్లే, ప్రక్కవీధి మనుష్యుని వాకిట నిలిపినది.

వంటయింటి కీ బలమెంతయో 1881లో తేటపడినది. వితంతువుల పునర్వివాహమును చట్టము 1856లోనే సమ్మతించియుండెను. దొరవారిసత్రము మీదుగా పోవు ఈ బాటయే ఉత్తరముగా సాగి రాజమహేంద్రవరము చేరును. అచ్చట కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ యింట తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, బాలవితంతువు. శాస్త్రవాదములో పంతులుగారిని నిలువరింపజాలని ప్రతిపక్షులు పొయ్యిమీదికి వచ్చిరి. వంటబ్రాహ్మణులు రారైరి, నీళ్లు మోయువారు మానిరి, ఆ యింట తిన్నవారిని వెలివేయుదుమని బెదరింపులు పుట్టెను. పిదప కొందఱు ప్రాయశ్చిత్తములును చేసికొనిరి. పెండ్లికి అన్నము లేకున్న పెండ్లియే లేదని వారెఱుగుదురు.

అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీరు మోసి తెచ్చి, వండి, వచ్చినవారికి పెట్టిరి. చుట్టములు విడిచిన యింట ఆ యన్నము తిన్నవారే చుట్టములైరి. పంతులుగారి యుపన్యాసములను, గ్రంథములను మనము లెక్కపెట్టి చెప్పుకొందుము. 1910లో గతించిన ఆ యిల్లాలు మోసిన బిందెలను లెక్కించినవారు లేరు. ఆ బిందెలు కదలకున్న ఆ యుపన్యాసములు గాలిలో నిలిచియుండెడివని మా యభిప్రాయము.

దొరవారిసత్రపు విందులో పంక్తిభేదము మాకు కనబడలేదు. పొలముపనికి వచ్చువారును మా ప్రక్కనే కూర్చుండిరి. దానికెవరును మొగము చిట్లింపలేదు. మూడు పంక్తులు లేచునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలు దాటెను. అప్పుడు గాని పెద్దమ్మయు, కోడండ్రును విస్తళ్లముందు కూర్చుండలేదు. చేపముక్కలు అయిపోయినవి, చట్టి యడుగున పులుసును, నాలుగు మామిడి టెంకలును మిగిలినవి. "మాతోబాటు కూర్చోవలసింది గదా పెద్దమ్మా" యని మేమంటిమి. ఆమె అన్నము కలుపుకొనుచు, "కూర్చుంటే మీకెవరు వడ్డిస్తారు నాయనా?" యనెను. మేమందఱము చేతులు కడుగుకొని తాంబూలము వేసికొనుచుంటిమి. ఆ మాట విన్నమీదటగూడ, గరిటె పుచ్చుకొనుటకు లేచినవాడు మాలో నొక్కడును లేడు.