రిపోర్ట్ నొక్కాక, హైదరాబాద్‌లో

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రాళ్లూరప్పల మధ్య లేచే అద్దాల భవనాల్లో కోడ్ రాస్తారనే అందరూ అనుకున్నారు. రాశారు కూడా. ఎక్కడెక్కడి జనమో నెట్‌లో తిట్టుకుంటుంటే ఏ మాట ఉండాలో, ఏది పోవాలో తేల్చే కొలువొకటి ఈ నగరంలో పాతుకుపోతుందని అప్పుడెవరికి తోచి ఉంటుంది? సైబరాబాద్ ఘనతను చాటే ప్రసంగాల్లో ఇప్పటికీ దాని ఊసు తక్కువే.

ఆ కొలువు ఇక్కడికి రావడానికి ఒక ముఖ్య కారణం గడియారం. 2010లో ఫేస్‌బుక్ ఆసియాలో తన తొలి కార్యాలయాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. కాలిఫోర్నియాలో చీకటి పడే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది కాబట్టి, అక్కడ లేచిపోయినవాళ్ల పని ఇక్కడివాళ్లు అందుకోవచ్చు. 2012 జూన్‌లో ఆ సంస్థ, ‘రిపోర్ట్’ మీట నొక్కాక ఏం జరుగుతుందో వివరిస్తూ ఒక పటం విడుదల చేసింది. ఫిర్యాదులు చూసే సిబ్బంది మెన్లో పార్క్, ఆస్టిన్, డబ్లిన్, హైదరాబాద్‌లలో ఉన్నారని అందులో చెప్పింది. వాళ్లు నాలుగు జట్లు. ఒకటి భద్రత చూస్తుంది, ఒకటి ద్వేషం, వేధింపులు చూస్తుంది. ఖాతాల చిక్కులు ఒకరివి, అసభ్య కంటెంట్ మరొకరిది.

చట్టం కూడా ఈ పనిని ముందుకు తోసింది. 2004 డిసెంబర్‌లో బాజీ.కామ్ అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో ఎవరో పెట్టిన అసభ్య వీడియో వల్ల దాని అధిపతి అరెస్టయ్యారు. వెబ్‌సైట్లు నడిపేవాళ్లకు గుబులు పుట్టింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి, తగిన జాగ్రత్తలు తీసుకున్న సంస్థలకు 79వ సెక్షన్ కింద రక్షణ పెంచారు. 2021 నిబంధనలొచ్చేసరికి ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని గడువులు పెట్టారు. ఇన్ని గడువులు తీర్చాలంటే బోలెడుమంది మనుషులు కావాలి.

ఆ మనుషుల్ని సరఫరా చేయడం కాల్ సెంటర్లు నడిపిన నగరానికి కొత్తేం కాదు. పని కాంట్రాక్టు సంస్థల చేతికి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ రాసిన కథనం ప్రకారం, హైదరాబాద్‌లోని జెన్‌పాక్ట్ కేంద్రంలో దాదాపు 1,600 మంది ఫేస్‌బుక్ పోస్టులు పరిశీలించేవారు. వారిలో ఏడుగురు ఆ వార్తాసంస్థతో మాట్లాడారు. జీతం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, కొన్నిసార్లు చూసినవి మనసును గాయపరుస్తాయి అన్నారు. జీతం తక్కువన్న మాటను ఫేస్‌బుక్ ఒప్పుకోలేదు. నగ్నచిత్రాలు, తలలు నరికే వీడియోలు, ఆత్మహత్యాయత్నాలు రోజూ చూసేవారికి ఎంత జీతమైతే న్యాయమో ఏ వేతన పట్టికా చెప్పలేదనుకోండి.

భాష సంగతి చివరికి గుర్తొచ్చింది. 2021లో ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలు బయటపడ్డప్పుడు, హిందీ, బెంగాలీలలో ద్వేషాన్ని పట్టే యంత్ర సాధనాలు 2018 నుంచి ఉన్నాయని సంస్థ చెప్పుకుంది. హింసకు రెచ్చగొట్టే మాటల్ని పట్టేవి ఆ రెండు భాషలకూ 2021 ఆరంభంలోగాని రాలేదు. కోట్లమంది మాట్లాడే భాషలకే అలా ఉంటే, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేసే మన జనం ఏ యంత్రానికి అందుతారు? ‘ఒరేయ్’ అన్నది స్నేహమో, కులం తెలిసి విసిరిన అవమానమో చెప్పాలంటే ఆ ఊరి మనిషే కావాలి.

అయితే వాట్సాప్ సందేశాలు, ఎవరో రిపోర్ట్ చేస్తే తప్ప, ఈ కొలువులో ఎవరి తెర మీదికీ రావు, గుప్తలిపి అడ్డం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఫోన్లలో పాకినప్పుడు, జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపారు. డప్పు కొట్టి, పాటలు పాడి, వచ్చినదల్లా నమ్మి పంపొద్దని చెప్పించారు. పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనూ చేరారు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే సదుపాయమూ ఆ నెలల్లోనే వచ్చింది. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడుకుంటుండగా వచ్చిపడే గుడ్‌మార్నింగ్ పువ్వుల్ని ఆపే బాధ్యత మాత్రం జీతం లేని అడ్మిన్‌దే.