సవాయి (ఫిరంగిరోగము)

లైంగికసంపర్కమువలన ఒకరినుండి యొకరికి సంక్రమించు వ్యాధులను లోకము సుఖవ్యాధులని పిలుచుచున్నది. అనుభవించువానికి వానియందు సుఖమేమియు లేకున్నను పేరు మాత్రము నిలిచిపోయినది. వీనిలో వైద్యచరిత్రమున అగ్రస్థానము నాక్రమించినది సవాయి (సిఫిలిస్). 1495లో నేపుల్సు నగరమును పట్టుకొన్న ఫ్రెంచిసేనలలో నిది విజృంభింపగా ఇటలీవారు దీనిని ఫ్రెంచిరోగమనిరి, ఫ్రెంచివారు నేపుల్సురోగమనిరి. పదునారవ శతాబ్దమున ఆయుర్వేద వైద్యుడు భావమిశ్రుడు, పరంగులవలన (ఐరోపావారివలన) వచ్చినదగుటచే, తన గ్రంథమైన భావప్రకాశమున ఫిరంగరోగమని పేరిడి పాదరసముతోడను చోపచీనీతోడను చికిత్స చెప్పెను. ఆ చోపచీనియే మన మూలికల యంగళ్లలోని పిరంగిచెక్క. ఏ జాతియు నీ రోగమును తనదని యొప్పుకొన్నది కాదు.

రోగకారకము ట్రెపొనీమా పాలిడమ్ అను మెలితిరిగిన సూక్ష్మజీవి. 1905లో బెర్లినులో షౌడిన్, హాఫ్మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. ఇది శరీరమున జొచ్చిన సుమారు మూడు వారములకు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలకు, చొచ్చినచోటనే యొక పుండు పుట్టును. అంచు గట్టిపడి, అడుగు శుభ్రముగా నుండి, వ్రేళ్ల నడుమ పట్టిచూచినచో చర్మముక్రింద బొత్తాము దాగినట్లు తోచు నీ పుండు సాధారణముగా నొప్పి పెట్టదు. గజ్జలలో బిళ్లలు కట్టినను అవియు నొప్పి పెట్టవు. మందు వేసినను వేయకున్నను కొలది వారములలో నిది తనంతట మానిపోవును. రోగము చేయు మోసమంతయు నీ మానుటయందే యున్నది: పసరు పోసినవానికి కీర్తియు, రోగికి ధైర్యమును కలుగగా, క్రిమి రక్తమున నిశ్చింతగా వ్యాపించును. పిమ్మట అరచేతులలోను అరికాళ్లలోను దురదలేని రాగిరంగు మచ్చలు, జ్వరము, చిమ్మటలు కొట్టిన గుడ్డవలె అక్కడక్కడ జుట్టూడుట కానవచ్చును, అవియు నడగును. చికిత్స పొందనివారిలో కొందరికి పదియిరువదియేండ్లకు బృహద్ధమని యుబ్బును, మతి చలించును.

ఇతర సుఖవ్యాధులలో సెగవ్యాధి (గనోరియా) యిట్టి గుప్తశత్రువు కాదు, పురుషులయందైనను. కొలదిదినములలోనే మూత్రమున మంటయు చీమును బయటపడును. స్త్రీలలో మాత్రము తరచుగా నే లక్షణమును లేకయే గర్భనాళములను చెరచి సంతానహీనత కలిగించును. క్లామీడియా స్వభావము నట్టిదే. హెర్పిస్ పొక్కులను మందులు అణచునేగాని నిర్మూలింపజాలవు.

సవాయికి శతాబ్దములపాటు పాదరసమే శరణ్యము. దానివలన పండ్లూడినవా రెందరో. 1910లో ఎర్లిహ్ సాల్వర్సాన్ అను మందును, 1943లో మహోనీ పెనిసిలిన్ చికిత్సను ప్రవేశపెట్టిరి. నేడు తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెనిసిలిన్ పిరుదు కండరమున నొక్కమారు, చిరకాలపు రోగమునకు వారమున కొకటి చొప్పున మూడుమార్లు ఇత్తురు. సూదివేసిన దినముననే జ్వరము రావచ్చును. అది క్రిములు చచ్చుటవలన కలుగునది గాన మందు పడలేదని భ్రమింపరాదు. పెనిసిలిన్ సరిపడనివారికి డాక్సీసైక్లిన్ కలదు. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబమున తొలిమందైన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసినది, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు అధ్యక్షత వహించిన లెడర్లీ ప్రయోగశాలనుండియే. గర్భిణులకు మాత్రము డాక్సీసైక్లిన్ కూడదు, పెనిసిలినే యీయవలెను. ఏలన తల్లి రోగము మావిద్వారా శిశువునకు సోకి గర్భస్రావమునకో, మృతశిశుజననమునకో దారితీయును. అందుచేతనే గర్భిణులకు సవాయిని కనిపెట్టు వీడీఆర్ఎల్ రక్తపరీక్ష చేయుదురు. దంపతులలో నొకరికే చికిత్స చేసిన రోగము రెండవవారినుండి మరల వచ్చును. ప్రభుత్వాసుపత్రులలోని సురక్షా క్లినిక్కులయందు పరీక్షయు మందును ఉచితము. రోగి వివరములు గోప్యముగా నుంచబడును.