పనికీ ఇంటికీ నడుమ దూరం: కోలారు బంగారు గనుల సీమ చెప్పే చరిత్ర

ఉగాదినాడు పంచాంగశ్రవణంలో మనమందరం ముందుగా చెవియొగ్గేది ఆదాయ వ్యయాలకు. ఏ రాశివారికైనా ఆదాయం పక్కనే వ్యయం చెబుతారు. లోకంలో వచ్చే మార్పులకు కూడ ఈ లెక్క వర్తిస్తుంది. గడచిన కొద్ది సంవత్సరాలలో మన ఇండ్లలోకి వచ్చిన పెద్ద మార్పు "ఇంటినుంచి పని". ఆఫీసు ఒక ఊర, ఉద్యోగి మరొక ఊర. నడుమ కంప్యూటరు, టెలిఫోను. దీని ఆదాయ వ్యయాలను మన కోలారు బంగారు గనుల చరిత్రతో సరిచూడాలని ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది 2020లో కరోనా వ్యాధితో పుట్టినదని చాలామంది అనుకుంటారు. ఆలోచన అంతకంటె పాతది. 1973లో అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు దీనికి "టెలికమ్యూటింగ్" అని పేరు పెట్టినాడు. ఉద్యోగిని దినదినం పనివద్దకు మోసుకొనిపోయే బదులు పనినే ఉద్యోగి వద్దకు ఎందుకు పంపరాదు, అన్నదే ఆయన ప్రశ్న. అయితే ఆజ్ఞ ఒకచోట, శ్రమ మరొకచోట ఉండడం మన సీమకు అంతకు నూరేండ్ల ముందునుంచే అనుభవం. ఆ అనుభవం చెప్పే మాట ఒక్కటే: దూరం ఎన్నడూ మాయం కాదు, ఎవరో ఒకరు దానిని మోస్తారు. ఎవరు మోస్తున్నారన్నదే అడగవలసిన ప్రశ్న.

లండనులో ఆజ్ఞ, మారికుప్పంలో శ్రమ

మైకేల్ లవెల్ అనే ఐరిష్ సైనికుడు న్యూజీలండు యుద్ధాల తరువాత విరమించుకొని బెంగుళూరు కంటోన్మెంటులో కాపురమున్నాడు. లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1804లో ఇక్కడి బంగారాన్ని గురించి ప్రచురించిన వ్యాసం ఆయన కంట పడినది. 1871లో ఎడ్లబండి కట్టించుకొని కోలారు సీమకు వచ్చినాడు. 1875లో మైసూరు ప్రభుత్వం నుండి లైసెన్సు దొరికినది గాని, చేతిలో మూలధనం చాలలేదు. హక్కులు చేతులు మారినవి. 1880లో లండనుకు చెందిన జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారు ప్రవేశించినారు. అది మొదలు 1956 వరకు గనుల నిర్వహణ వారిదే.

ఆ ఏర్పాటును కొంచెం ఆలోచించి చూడండి. డైరెక్టర్లు లండనులో, వాటాదారుల సమావేశాలు లండనులో. షాఫ్టులు మాత్రం మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్‌లో, ఊరుగావ్‌లో, నందిదుర్గం గనిలో. 1870 నాటికే సముద్రగర్భం గుండా ఇంగ్లండుకు తంతి ఏర్పడినది గనుక కబురు పోవడం, ఉత్తరువు రావడం కష్టం కాలేదు. కాని తంతిలో ఎక్కేది లెక్క మాత్రమే. ఇన్ని టన్నుల రాయి, ఇన్ని ఔన్సుల బంగారం అని వ్రాయవచ్చు. నేల అడుగున వేడి ఎట్లాంటిదో, ఊపిరితిత్తులలో చేరిన రాతిదుమ్ము మనిషిని ఎట్లా కుంగదీస్తుందో ఆ అంకెలలో ఇమడదు. దూరాన ఉండి నడిపే ఏ సంస్థకైనా ఇది మొదటి లోపం: లెక్కకు వచ్చేది కనిపిస్తుంది, లెక్కకు రానిది కనిపించదు.

రెండవది, దూరం అపనమ్మకాన్ని పెంచుతుంది. కంటికి ఎదురుగా లేని మనిషిపై కాపలా పెట్టబుద్ధి పుడుతుంది. 1930లో గనికూలీల వేలిముద్రలు తీసుకొని నమోదు చేసే పద్ధతి పెట్టబోతే వేలాదిమంది సమ్మె చేసినారు. మైసూరు సంస్థానంలో కార్మికసంఘాలకు చట్టపు గుర్తింపు అప్పటికింకా రాలేదు. అయినా అంతమంది ఒక్క మాటమీద నిలబడినారు. ఒకే షాఫ్టులో దిగి, ఒకే వరుస ఇండ్లలో గోడకు గోడ ఆనుకొని బ్రతికినవారు గనుక మాట ఇంటినుంచి ఇంటికి పాకినది. అరవమువారు, తెలుగువారు, కన్నడమువారు అనే భేదం దానికి అడ్డు రాలేదు.

నేడు ఇంట కూర్చుండి పనిచేసే యువకుని కంప్యూటరులో, అతడు ఎన్ని నిమిషాలు మీట నొక్కినాడో, ఎంతసేపు ఊరక ఉన్నాడో లెక్కించే ఏర్పాట్లు కొన్ని కంపెనీలు చేస్తున్నవి. కాపలా అదే, రూపం మారినది. కాని పక్కింటివాడు అదే కంపెనీవాడు కాడు. మాట పాకేందుకు ఉమ్మడి గోడ లేదు.

తీగ మీద వచ్చిన శక్తి, పట్టాల మీద పోయిన మనుష్యులు

దూరమంతా కీడే అనుకోరాదు. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి మారికుప్పానికి రైలుశాఖ పడినది. 1902లో కావేరి మీద శివసముద్రంలో పుట్టిన విద్యుత్తు 92 మైళ్లు తీగల మీద నడచి గనులకు చేరినది. ఆ కాలంలో లోకంలోకెల్ల మిక్కిలి పొడవైన విద్యుత్తు మార్గాలలో అది ఒకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. గనులకు అంతకు మూడేండ్ల ముందే కరెంటు వచ్చినది. జలపాతాన్ని గనివద్దకు తేలేము, గనిని జలపాతం వద్దకు మోయలేము. శక్తిని మాత్రం పంపగలిగినారు. నేడు ఇంటర్నెట్టు తీగ చేసేదీ అదే. జీవనోపాధి ఉన్నచోటికే మనిషి పోవాలన్న నిర్బంధాన్ని అది కొంత సడలించినది.

1956 నవంబరులో గనులు మైసూరు రాష్ట్ర ప్రభుత్వం వశమైనవి. 1962లో కేంద్రప్రభుత్వానికి చెందినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయినది. ఎంత లోతుకు పోతే ఖర్చు అంత పెరిగినది, బంగారం అంత తగ్గినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. సుమారు 120 ఏండ్లలో 800 టన్నుల బంగారం ఇచ్చిన ఊరికి సైనైడు దిబ్బలు మిగిలినవి.

పని పోయినది, ఇండ్లు మిగిలినవి. 1964లో స్థాపించిన బీ.ఈ.ఎం.ఎల్. ఫాక్టరీ ఊరిలో ఉన్నది గాని, అందరికీ అందులో చోటు దొరకదు గదా. అందుచేత మారికుప్పం, ఛాంపియన్, ఊరుగావ్, కోరమాండల్ స్టేషన్లలో తెల్లవారక ముందే జనం చేరడం మొదలయినది. బంగారుపేట, మాలూరు, వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం మీదుగా బెంగుళూరుకు సుమారు 100 కిలోమీటర్లు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు అనుకొందాం. టిక్కెట్టు కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి గనుక లెక్క కట్టి చూచినాను. దినానికి 4 గంటలు, ఏటికి 300 దినాలు. మొత్తం 1,200 గంటలు. అనగా 50 అహోరాత్రాలు. ఏడాదిలో ఇంచుమించు రెండు నెలలు మనిషి బండిలోనే కాపురం చేస్తున్నాడన్నమాట. ఆ గంటలకు జీతమిచ్చే యజమాని లేడు. వెనుక లండను దొరలు ఉన్న దూరాన్ని తంతి మోసినది; 2001 తరువాత ఆ దూరాన్ని గనిబిడ్డలు సీజన్ టిక్కెట్టు కొనుక్కొని తామే మోసినారు.

బండి ఆగిన దినాలు

2020 మార్చి 22న ప్యాసింజరు బండ్లన్నిటినీ నిలుపుతున్నట్టు రైల్వే ప్రకటించినది. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. ఆనాడు మన వీధులలో జరిగినది చరిత్రకారులు వ్రాసి పెట్టుకోదగినది. ఒకే బండిలో, ఒకే బల్లమీద దినదినం కూర్చొని పోయినవారు రెండు తెగలయినారు. కంప్యూటరు మీద పనిచేసేవాని పని ఇంటికి వచ్చినది, జీతమూ వచ్చినది. పక్కన కూర్చునే తాపీమేస్త్రీకి, బట్టలకొట్టు గుమాస్తాకు, ఇండ్లలో పనిచేసే అమ్మకు పని రాలేదు, కూలీ రాలేదు. గూడ్సు బండ్లు నడుస్తూనే ఉన్నవి గనుక రైల్వేలో డ్రైవరు, గార్డు, స్టేషన్ మాస్టరు, గ్యాంగ్‌మన్ ఇల్లు వదలి పోక తప్పలేదు. ఇంటినుంచి పని చేయలేనివారు బయట ఉన్నందుననే ఇంటినుంచి పని చేసేవారి ఇంట పొయ్యి వెలిగినది, కరెంటు నిలిచినది.

ఇంట కూర్చున్నవారికి లాభం కలగలేదని కాదు. ఆ 50 అహోరాత్రాలు తిరిగి చేతికి వచ్చినవి. తల్లిదండ్రుల దగ్గర భోజనం, బెంగుళూరు అద్దె మిగులు, పిల్లల ముఖం పగటివేళ చూచే భాగ్యం. 2020 నవంబరులో కేంద్ర టెలికం శాఖ ఇటువంటి సంస్థల నిబంధనలు సడలించి ఈ పద్ధతికి దారి సుగమం చేసినది.

మరి వ్యయం? గనులవాడలో ఇండ్లు ఎట్లాంటివో చదువరులకు తెలుసు. ఒక చిన్న గది, ముందు వసారా. ఆ గదిలోనే ఆఫీసు, బడి, వంట. ఆడవారికి ఆఫీసు పని, ఇంటిపని ఒకేవేళ మీదపడినవి. కుర్చీ, కరెంటు, ఇంటర్నెట్టు ఖర్చు చాలామందికి సొంత చేతినుంచి పోయినది. వెనుక గనిలో షిఫ్టు ముగిసినప్పుడు కూత వేసేవారు. ఆ కూతతో మనిషి తన సొంతవాడయ్యేవాడు. ఇంటి ఆఫీసుకు కూత లేదు. రాత్రి పదిగంటలకు ఫోను మ్రోగినా పని పనే.

సంస్థలు ఏమి నేర్చుకొన్నవి?

చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ 2010-11లో టెలిఫోను విభాగపు ఉద్యోగులలో ఒక పరీక్ష చేసినది. ముందుకు వచ్చినవారిని రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని వారానికి నాలుగు దినాలు ఇంటినుంచి పని చేయించినారు. తొమ్మిది నెలలలో ఇంట ఉన్నవారి పని 13 శాతం పెరిగినది. ఉద్యోగం మానేవారు సగానికి తగ్గినారు. అయితే అంత బాగా పనిచేసినా, పనికి తగినంతగా వారికి ప్రమోషన్లు రాలేదు. పరీక్ష ముగిసి ఇష్టం వచ్చినట్టు చేయమన్నప్పుడు, ఇంట ఉన్నవారిలో ఇంచుమించు సగంమంది ఆఫీసుకే తిరిగి వచ్చినారు. ఒంటరితనం భరించలేకపోయినామని చెప్పినారు. అదే సంస్థ తరువాత 1,600 మందికి పైగా ఉద్యోగులతో మరొక పరీక్ష చేసినది. వారానికి రెండు దినాలు మాత్రం ఇంట పని. 2024లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం పని చెడలేదు, ప్రమోషన్లు తగ్గలేదు, ఉద్యోగం మానేవారు మూడోవంతు తగ్గినారు.

మన దేశంలో టీ.సీ.ఎస్. సంస్థ 2025 నాటికి నాలుగోవంతు ఉద్యోగులు ఆఫీసుకు వస్తే చాలునని 2020లో ప్రకటించినది. 2023 అక్టోబరులో వారానికి ఐదు దినాలూ రావలసినదని తన ఉద్యోగులను పిలిచినది. క్రొత్తగా చేరినవారు పెద్దల పక్కన ఉండి నేర్చుకోవాలన్న వాదనలో నిజం లేకపోలేదు. ఏ గుమాస్తా అయినా సీనియరు పక్కన నిలబడి నేర్చినంత, పుస్తకం చదివి నేర్వడు. కాని ఒక్క కాగితంతో పని ఇంటికి పంపి, మరొక కాగితంతో వెనుకకు లాగుకొనేవారు, నడుమ ఊరు మార్చుకొన్న కుటుంబాన్ని, మానిపించిన బడిని, ఖాళీ చేసిన అద్దె ఇంటిని లెక్కలోకి తీసుకోవాలి. లండను తంతిలో ఎక్కని విషయాలు ఇటువంటివే.

మన కర్తవ్యం

మనం ప్రవాసాంధ్రులం. మన తాతలు కూటికోసం చిత్తూరు సీమనుంచి, ఇంకా దూరం నుంచి మూట గట్టుకొని ఈ గనులకు వచ్చినారు. వారి మనుమలు అదే కూటికోసం బెంగుళూరు బండి ఎక్కుతున్నారు. పని కొంతైనా ఊరికి వస్తే, పగటివేళ నిర్జనంగా ఉండే రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో వయసువారు కనిపిస్తారు. అంగడివానికి బేరం, ముసలివారికి తోడు, బడికి అండ. ఇది చిన్న లాభం కాదు.

కాని లాభం నిలవాలంటే పాత గనుల పాఠం మరువరాదు. ఇంటి ఆఫీసుకు కూడ కూత ఉండాలి. పనివేళ ముగిసినదంటే ముగియాలి. కుర్చీ, కరెంటు ఖర్చులో యజమాని పాలు పంచుకోవాలి. వారంలో కొన్ని దినాలు పెద్దల పక్కన కూర్చుండే అవకాశం ఉండాలి. ఇంటినుంచి పని చేయలేనివారి బండి వేళకు నడవాలి. కొందరు ఎక్కడం మానినారని బండ్లు తగ్గిస్తే ఆ బరువంతా మిగిలినవారి మీద పడుతుంది.

మన సంఘాలు చేయదగినదీ ఒకటి ఉన్నది. పండుగలకు, పెండ్లిండ్లకు తప్ప పగలంతా తాళం వేసి ఉండే హాళ్లు కొన్ని సంఘాలకు కలవు. అందులో నాలుగు బల్లలు, గట్టి ఇంటర్నెట్టు, త్రాగునీరు ఏర్పాటు చేస్తే, ఒంటరిగా గదిలో మూలుగుతున్న పిల్లలు పదిమంది ఒకచోట కూర్చొని పని చేసుకొంటారు. కంపెనీలు వేరైనా కష్టసుఖాలు ఒకటే గదా. వెనుకటి వరుస ఇండ్ల ఉమ్మడి గోడ అట్లా తిరిగి లేస్తుంది. ఈ ఉగాదికి సంఘ పెద్దలు ఈ మాట ఆలోచించాలని కోరుతూ, అందరి ఇండ్లలో ఆదాయం వ్యయాన్ని మించుగాక అని ఆకాంక్షిస్తున్నాను.