‘వీలు చిక్కితే’ అందే రక్షణ: చిన్న విమానాల ఎడం, కంట్రోలర్ పనిభారం (1956–1987)

ఆకాశంలో రెండు విమానాల మధ్య ఉండవలసిన కనీస ఎడాన్ని కాపాడవలసింది ఎవరు? అమెరికా వైమానిక చరిత్రలో ఈ ప్రశ్నకు చాలాకాలం ఒకే సమాధానం చెల్లింది. వాతావరణం తేటగా ఉంటే పైలట్ తన కళ్లతో చూసి తప్పుకోవాలి. 1956 జూన్ 30న గ్రాండ్ కేన్యన్ మీద రెండు పెద్ద ప్రయాణిక విమానాలు ఢీకొని 128 మంది మరణించడంతో ఈ సమాధానం బలహీనత బయటపడింది. 1958 నాటి ఫెడరల్ ఏవియేషన్ చట్టం, కేంద్రీకృత నియంత్రణ సంస్థ, రాడార్ల విస్తరణ ఆ తరువాతి పరిణామాలు. అయితే కొత్త ఏర్పాటు ప్రధానంగా విమాన సంస్థల ప్రయాణాలనే దృష్టిలో ఉంచుకుంది. కంటిచూపుపై ఆధారపడే దృశ్య నియమాల కింద ఎగిరే చిన్న విమానాలు చాలావరకు పాత సూత్రం నీడలోనే మిగిలాయి.

వాటికి కంట్రోలర్ ఇచ్చే ట్రాఫిక్ సమాచారం నియమావళి దృష్టిలో అదనపు సేవ. పనిభారం అనుమతించినప్పుడే అందుతుంది. ఈ షరతు చూడటానికి చిన్నది. 1978, 1986 సంవత్సరాల ప్రమాదాలను, వాటి నడుమ జరిగిన 1981 సమ్మెను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు దాని బరువు తెలుస్తుంది.

1978 సెప్టెంబరు 25 ఉదయం శాన్ డియేగోలో పి.ఎస్.ఎ. సంస్థకు చెందిన బోయింగ్ 727 దిగడానికి వస్తోంది. అదే విమానాశ్రయం వద్ద ఒక సెస్నా 172 పరికరాల సాయంతో దిగే అభ్యాసం చేసి ఈశాన్య దిశగా వెళుతోంది. చిన్న విమానం ఉనికిని బోయింగ్ సిబ్బందికి తెలియజేశారు. కనబడిందని వారు చెప్పగానే ఎడం కాపాడే బాధ్యత కంట్రోలర్ నుంచి వారి కళ్లకు బదిలీ అయింది. ఆ తరువాత సెస్నా వారి చూపు నుంచి జారిపోయింది. కాక్‌పిట్‌లో తమలో తాము సందేహపడ్డారు గాని, ఆ సందేహం టవర్‌కు స్పష్టంగా చేరలేదు. సెస్నా కూడా తనకిచ్చిన దిశను వదలి తూర్పుకు మళ్లింది. అప్పటికి బోయింగ్ మాట్లాడుతున్నది టవర్‌తో, సెస్నా మాట్లాడుతున్నది అప్రోచ్ కంట్రోల్‌తో. ఢీకొనడానికి 19 సెకన్ల ముందు అప్రోచ్ కంట్రోల్‌లో కంప్యూటర్ హెచ్చరిక మోగింది. బోయింగ్ సిబ్బందికి సెస్నా కనిపిస్తోందన్న నమ్మకంతో కంట్రోలర్లు జోక్యం చేసుకోలేదు. నేలమీద ఉన్న ఏడుగురితో కలిపి 144 మంది మరణించారు.

జాతీయ రవాణా భద్రతా మండలి ప్రధాన కారణాన్ని బోయింగ్ సిబ్బంది మీద మోపింది. రాడార్ ద్వారా ఎడం కల్పించే సామర్థ్యం ఉండగా దృశ్య పద్ధతిని అనుమతించిన నియంత్రణ విధానాలను దోహద కారణంగా మాత్రమే పేర్కొంది. మండలి సభ్యుడు ఫ్రాన్సిస్ మెకాడమ్స్ ఈ తూకంతో విభేదించి, నియంత్రణ వ్యవస్థ పాత్రకు మరింత ప్రాధాన్యం దక్కాలని భిన్నాభిప్రాయం రాశారు. దృశ్య పద్ధతి కంట్రోలర్ భారాన్ని తగ్గించే సాధనం కూడా. ఒకసారి ‘కనబడింది’ అన్న మాట వినబడితే ఆయన మనస్సు తరువాతి విమానం మీదికి పోతుంది. భిన్నాభిప్రాయానికి ఉన్న విలువ ఇక్కడే ఉంది.

1981 ఆగస్టు 3న సుమారు 13,000 మంది కంట్రోలర్లు సమ్మెకు దిగారు. వేతనంతో పాటు వారానికి 32 గంటల పని వారి కోరికల్లో ఒకటి. రెండు రోజులకే రీగన్ ప్రభుత్వం 11,345 మందిని ఉద్యోగాల నుంచి తొలగించింది. రాజకీయ చర్చ చట్టధిక్కారం చుట్టూ తిరిగింది. పనిభారం అన్న మాట అందులో మునిగిపోయింది. కాని ప్రభుత్వం తరువాత తీసుకున్న చర్యలే ఆ మాటను పరోక్షంగా అంగీకరించాయి. రద్దీ విమానాశ్రయాల్లో సర్వీసులు తగ్గించారు. పరికర నియమాల కింద ఎగరదలచిన చిన్న విమానాలు ముందుగా రిజర్వేషన్ పొందవలసి వచ్చింది. కంట్రోలర్ ధ్యాస రేషన్ సరుకైనప్పుడు వరుసలో చివర నిలిచినవి చిన్న విమానాలే.

1986 ఆగస్టు 31 నాటి సెరిటోస్ ప్రమాదాన్ని నేరుగా ఈ తొలగింపుల ఖాతాలో వేయడం తొందరపాటు అవుతుంది. దాని పాఠం వేరు. టోరెన్స్ నుంచి బిగ్ బేర్‌కు బయలుదేరిన ఒక పైపర్ విమానం అనుమతి లేకుండా లాస్ ఏంజెలెస్ నియంత్రిత గగనతలంలోకి ప్రవేశించింది. దాని ట్రాన్స్‌పాండర్ ఎత్తును ప్రసారం చేయదు. సరిగ్గా ఆ సమయంలో ఏరోమెక్సికో డి.సి.-9ను చూస్తున్న కంట్రోలర్, అలాగే అనుమతి లేకుండా చొరబడిన మరో చిన్న విమానం పైలట్‌తో మాట్లాడుతున్నారు. పైపర్ తనకు కనబడలేదని ఆయన అన్నారు. రెండు విమానాల్లోని 67 మంది, నేలమీద 15 మంది మరణించారు. పనిభారాన్ని విమానాల లెక్కతో కొలిచే అలవాటు ఇక్కడ చాలదు. చెప్పకుండా వచ్చిన ఒక్క చిన్న విమానం కంట్రోలర్ ధ్యాసను పూర్తిగా లాగుకోగలదు. అదే క్షణంలో రెండోది తెరమీద మౌనంగా కదులుతుంది. ఢీకొనే దారిలో ఉన్న విమానం పైలట్ అద్దంలోనూ దాదాపు కదలని చుక్కలాగే ఉంటుంది గనుక కళ్ల మీద పెట్టిన భరోసా కూడా అప్పుడే విఫలమవుతుంది.

ఈసారి మండలి ‘చూసి తప్పుకోవడం’లోని పరిమితులను, నియంత్రణ వ్యవస్థలోని పరిమితులను సూటిగా పేర్కొంది. 1987 చివర అమెరికా కాంగ్రెస్ 30కి మించి సీట్లున్న విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టి.సి.ఎ.ఎస్. పరికరాన్ని తప్పనిసరి చేసింది. ప్రధాన విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల మేర ఎగిరే విమానాలు, స్వల్ప మినహాయింపులతో, ఎత్తును ప్రసారం చేయాలన్న నియమం తరువాత వచ్చింది. ఎత్తు అన్న ఆ ఒక్క అంకె విలువ భారతదేశానికి 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీలో తెలిసింది. అక్కడ ఢీకొన్నవి రెండూ పెద్ద విమానాలే. మృతులు 349 మంది. ఢిల్లీ రాడార్ అప్పటికి ఎత్తును చూపలేదు. పైలట్ నోటిమాటే కంట్రోలర్‌కు ఆధారం.

అమెరికాలో కొత్త పరికరాలు చిన్న విమానాన్ని తెరమీద మరింత స్పష్టంగా చూపాయి. చూసే మనిషి ఎంత చూడగలడన్నది మాత్రం అంకెగా మారలేదు. దృశ్య నియమాల కింద ఎగిరే విమానానికి ట్రాఫిక్ సలహా నేటికీ ఆ దేశపు నియమావళిలో పనిభారం అనుమతిస్తే అందే సేవగానే ఉంది. అనుమతిస్తుందో లేదో ఆ క్షణాన తేల్చవలసింది భారం మోస్తున్న కంట్రోలరే.