గుఱ్ఱపు కాలి కీళ్ల గాయాలు – కట్టు విధానం: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగుదేశ చరిత్రలో గుఱ్ఱం ప్రధానంగా రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. ఒకటి యుద్ధం, రెండవది వాణిజ్యం. కాకతీయుల నాటి ‘సాహిణి’ పదవి, మోటుపల్లి రేవు, విజయనగర అశ్వదళం పరిశోధకులకు పరిచితమైన విషయాలే. గాయపడిన గుఱ్ఱాన్ని తిరిగి నడిపించిన చికిత్సాజ్ఞానానికి మాత్రం ఈ చర్చలలో తగినంత చోటు దక్కలేదు. కాలి కీలు గాయానికి కట్టు కట్టడమనే ఒక్క అంశం ద్వారా ఆ జ్ఞానం స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుఱ్ఱం వెల – వైద్యుని బాధ్యత

విజయనగర రాజు ఏటా 13,000 గుఱ్ఱాలను కొనేవాడని 16వ శతాబ్దికి చెందిన పోర్చుగీసు రచయిత న్యూనిజ్ రాశాడు. సాళువ నరసింహుడు 1,000 పర్దావులకు 3 గుఱ్ఱాల చొప్పున కొన్నాడనీ, సముద్రంపై చనిపోయిన వాటికి తోక తెచ్చి చూపినా అదే వెల చెల్లించాడనీ ఆయన కథనం. 13వ శతాబ్ది చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో మరొక సంగతి చెప్పాడు. మాబారు తీరంలో గుఱ్ఱాలు సరైన సంరక్షణ లేక చనిపోతున్నాయని, అమ్మకాలు తగ్గకుండా ఉండేందుకు వర్తకులు అశ్వవైద్యులను అక్కడికి రానివ్వరని ఆయన ఆరోపణ.

ఈ మాటను బట్టి ఇక్కడ అశ్వవైద్యమే లేదని భావించడం సరికాదు. చికిత్సాలోపం వల్ల గుఱ్ఱానికి వ్యాధి ముదిరితే వైద్యునికి దండన విధించాలని, అతని తప్పిదం వల్ల గుఱ్ఱానికి హాని కలిగితే దాని వెలనే దండుగగా వసూలు చేయాలని కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో నిర్దేశించింది. శాలిహోత్రుని పేరిట వెలసిన శాస్త్రసంప్రదాయం, జయదత్తుని ‘అశ్వవైద్యకం’, నకులుని పేరిట ఉన్న ‘అశ్వచికిత్సితం’ ఆ తరువాతి సాక్ష్యాలు.

3. కీలు వద్ద ఎదురయ్యే చిక్కు

గుఱ్ఱానికి మోకాలి కింది భాగంలో కండ ఉండదు. చర్మం, స్నాయువులు, ఎముక మాత్రమే ఉంటాయి. అందువల్ల గాయం అంచులను దగ్గరకు చేర్చడం కష్టం. అడుగు వేసిన ప్రతిసారీ అంచులు విడిపోతాయి. మానే దశలో మాంసం చర్మానికి పైగా ఉబికి పెరుగుతుంది. వెనుక కాలి నడిమి కీలు మరింత క్లిష్టమైనది. దాని వెనుక ఎముక మొన పొడుచుకొని ఉంటుంది, ఆ మొనకు పైన పెద్ద స్నాయువు ఉంటుంది. కట్టు వదులైతే కిందికి జారుతుంది. బిగువైతే మొన మీద పుండు పడుతుంది, స్నాయువు దెబ్బతింటుంది.

4. సుశ్రుతుని సూత్రాల అన్వయం

సుశ్రుతసంహిత 14 రకాల కట్లను పేర్కొంది. అవయవాన్ని బట్టి గాఢం, సమం, శిథిలం అని బిగువును మూడు స్థాయులుగా విభజించింది. కీళ్లకు స్వస్తికబంధాన్ని, శిథిలమైన బిగువును విధించింది. ముడి గాయంపై పడరాదని నియమించింది. బిగువు మితిమీరితే వాపు, నొప్పి కలుగుతాయి. తగినంత లేకపోతే మందు జారిపోతుంది, కదిలే గుడ్డ గాయం అంచులను ఒరుసుకుంటుంది.

ఈ నియమాలు మనిషిని ఉద్దేశించినవి. అయినా గుఱ్ఱపు కీలు విషయంలో నేటి పశువైద్యం అనుసరించే పద్ధతికి ఇవి దగ్గరగా ఉన్నాయి. ముందు మందమైన దూదిపొర చుడతారు. తరువాత కీలుకు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వేస్తూ, రెండింటినీ కీలు ముందు ఏటవాలుగా దాటిస్తారు. ఎముక మొనపై ఒత్తిడి పడకుండా దానిని విడిచిపెడతారు. ముందు కాలి మోకాలి వెనుక ఉన్న చిన్న ఎముక విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కీలు కింద మరొక కట్టు కట్టి, పై కట్టు జారకుండా ఆధారం కల్పిస్తారు. బరువంతా రెండవ కాలిపై పడుతుంది కనుక దానికీ ఆసరాగా కట్టు కడతారు. దాటే చుట్లు స్వస్తికబంధాన్ని గుర్తుచేస్తాయి. శిథిలబంధం ఆశించిన ఫలితాన్ని ఇక్కడ దూదిపొర సాధిస్తుంది. నాలుగు కాళ్లపై నిలిచే బరువైన జంతువు అవసరాన్ని బట్టి చేరినవి ఆధారపు కట్టు, రెండవ కాలి కట్టు.

అగ్నిపురాణంలో శాలిహోత్రుడు అశ్వలక్షణాన్ని, చికిత్సను సుశ్రుతునికే బోధించినట్లు ఉంది. దీనిని చారిత్రక ఘటనగా తీసుకోలేకపోయినా, నరవైద్యం, అశ్వవైద్యం ఒకదానికొకటి దూరమైనవి కావని సంప్రదాయం భావించినట్లు గ్రహించవచ్చు.

5. ముగింపు

మార్కో పోలో మాటలు వాణిజ్య ప్రయోజనాన్ని తెలుపుతాయేగాని శాస్త్రం లేదనడానికి ఆధారం కావు. కట్టుకు సంబంధించిన మూలసూత్రాలు ఈ దేశంలో అప్పటికే ఉన్నాయి. అయితే సూత్రం గ్రంథంలో ఉన్నంత మాత్రాన గుఱ్ఱం నిలబడదు. ఎంత దూది పెట్టాలో, ఎంత బిగించాలో తెలిసినది లాయంలో పనిచేసేవారి చేతులకే. మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ పేరులోనే ‘లక్షణం’ ఉంది. సుడులు, రంగులు కొనుగోలుదారునికి అవసరం. కట్టు మాత్రం కొన్న తరువాత గుఱ్ఱాన్ని బతికించుకోవడానికి అవసరం. తెలుగు అశ్వశాస్త్ర గ్రంథాలను లక్షణ దృష్టితోపాటు చికిత్సా దృష్టితోనూ చదివినప్పుడే, గుఱ్ఱాన్ని కొన్నవారి చరిత్రకు దానిని కాపాడినవారి చరిత్ర తోడవుతుంది.