పాట మలుపులు పట్టే చెవి: పల్నాటి వీరగాథ నుంచి సినిమా పాట దాకా

పాటలో ఒక భాగం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ ఎత్తుకుందో పసిగట్టడానికి స్వరలిపి చదవడం వచ్చి తీరాలని లేదు. పల్నాడు సీమలో ఈ విద్య శతాబ్దాలుగా వినికిడి మీదే నడిచింది. కాలంతోపాటు పాట కట్టుబడి మారింది, దాన్ని పట్టిచ్చే గుర్తులూ మారాయి. మొదట దరువు, తర్వాత వంత, ఆపైన పల్లవి శ్రోతకు దారి చూపాయి.

తొలి సాక్ష్యం 15వ శతాబ్దం నాటి క్రీడాభిరామంలో దొరుకుతుంది. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రచారంలో ఉన్న ఈ కావ్యంలో, ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడే ఘట్టం ఉంది. ద్రుత తాళం, వాద్యం మోత, ద్విపద నడక, యతి పడే తీరు అన్నీ కవి ఒకే పద్యంలో చెప్పాడు. కథ ఏమిటన్నదానికంటే అది చెవిన ఎలా పడిందో చెప్పడం మీదే ఆయన శ్రద్ధ. ఆనాటి శ్రోతలు పాటను ఎంత నిశితంగా వినేవారో ఈ ఒక్క పద్యం చాలు చెప్పడానికి.

ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. మూడో గణం మొదట యతి పడుతుంది. రెండు పాదాలనూ ప్రాస జత కలుపుతుంది. శ్రీనాథుడి రచనగా పేరున్న పల్నాటి వీరచరిత్ర మాత్రం ప్రాస నియమం లేని మంజరీ ద్విపదలో సాగింది. ప్రాస బంధం లేదు కనుక రెండేసి పాదాలకు ఆగాల్సిన పని లేదు. కథనం ఎంత దూరమైనా ఒక్క ఊపున పోతుంది. మరి ఎక్కడ ఆగింది? అది అక్షరం చెప్పదు, గొంతు, దరువు చెప్పాలి.

ఆ చెప్పడం కారెంపూడిలో ఇప్పటికీ వినవచ్చు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. ఈ వీరగాథ పాడే గాయకులైన వీరవిద్యావంతులు కత్తి పట్టి, పంబ, తిత్తి, తాళాల తోడుతో కథ పాడతారు. పాడుతూ పాడుతూ వచనంలోకి దిగుతారు, మళ్లీ పాటలోకి ఎక్కుతారు. వచనంలో కథ ముందుకు జరుగుతుంది. పాట ఎత్తుకుంటే ఆవేశం పెరుగుతుంది. పంబ జోరు హెచ్చిందంటే కయ్యం దగ్గరపడిందని తెలిసిపోతుంది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్ 1970లలో గాయకుడు ఆలిసెట్టి గాలెయ్య గానం రికార్డు చేసి, ఆంగ్లానువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా గ్రంథంగా వెలువరించారు. పల్నాడు చెవులకు తెలిసిన కథ అలా ప్రపంచానికి అందింది.

ఈ వీరగాథకు పల్లవి లేదు. మొదటి మాటకు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే నిర్మాణం తెలుగులో 15వ శతాబ్దంలో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలతో గట్టిగా నిలదొక్కుకుంది. ప్రతి చరణం చివరా పాట పల్లవికి చేరుకుంటుంది. ఈ రచనకు లక్షణాలు చెబుతూ ఆయన మనుమడు చినతిరుమలాచార్యులు సంకీర్తన లక్షణం రాశారు.

వీరగాథలోని వేగానికి, తిరిగి తిరిగి వినిపించే మాటకు బుర్రకథలో పొత్తు కుదిరింది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) పల్నాటి యుద్ధం కథను ఆ రూపంలో ఊరూరా వినిపించారు. కథకుడు ఒక చరణం ముగించగానే రెండు గుమ్మెటల మధ్య నుంచి ‘తందాన తాన’ వంత లేస్తుంది. వంత పడిందంటే ఒక ముక్క పూర్తయినట్టే. ఆ పక్కన హాస్యం చెప్పేవాడు, ఈ పక్కన రాజకీయం చెప్పేవాడు మాట కలుపుతారు. జనం ఊపిరి పీల్చుకునే చోటు అది. పాట నేర్వని వాడికి కూడా భాగాలు విడివిడిగా తెలిసేలా చేసిన ప్రక్రియ ఇది.

గ్రామఫోన్ వచ్చాక పాటకు కొలత ఏర్పడింది. 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. రాత్రంతా సాగే కథ అందులో ఇమడదు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి పల్నాటి యుద్ధం చిత్రంలో ఇదే కథకు పాటలు చేరాయి. సినిమా పాటలో పల్లవి, చరణం, వాటి మధ్య వాద్యాల బిట్ స్థిరపడ్డాయి. వంత చేసిన పని ఇక వయొలిన్లు, వేణువు చేశాయి.

కొత్తగా వినేవారికి సాధన సులువే. తాళం తడుతూ మొదటి పంక్తి గుర్తుపెట్టుకోవాలి. అది తిరిగి వచ్చిన ప్రతిసారీ వేలు మడవాలి. మాటలు ఆగి వాద్యాలు మోగితే అది బిట్. ఆ తర్వాత గొంతు పైస్థాయికి ఎగిరితే చాలా పాటల్లో అదే చరణం. మాటలు మారినా అదే వరుస వినిపిస్తే రెండో చరణం. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని బడుల్లో సంగీతం ఇలా మొదలవ్వాలని నా కోరిక. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో చదివే పిల్లలకు ముందు కారెంపూడి కథ వినిపించి, పాట ఎక్కడ వచనమైందో అడగాలి. తర్వాత బుర్రకథలో వంతను, సినిమా పాటలో పల్లవిని పట్టుకోమనాలి. వీరవిద్యావంతులనే ఆ తరగతికి గురువులుగా, తగిన గౌరవంతో, తగిన జీతంతో పిలవాలి. ఈ నేలకు పాట వినడం నేర్పింది వాళ్లే.