ఫతే మైదానం నుంచి ఉప్పల్ దాకా

హైదరాబాదు నడిబొడ్డున, బషీర్‌బాగును ఆనుకొని ఉన్న లాల్ బహదూర్ స్టేడియాన్ని మా తరంవారు ఇప్పటికీ ఫతే మైదానమనే అంటారు. 'ఫతే' అంటే విజయం. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిది చేశాయనీ, కోట వశమైన పిమ్మట ఆ గెలుపునకు గుర్తుగా ఈ పేరు ఏర్పడిందనీ చెబుతారు. అంటే ఆ విజయం మన ఊరిది కాదు, మన ఊరిని గెలిచినవారిది! ఓడిన ఊరే ఆ పేరును మూడు శతాబ్దాలకు పైగా మోస్తూ వచ్చింది. ఈ మైదానపు క్రికెట్టు చరిత్రను తిరగవేసినప్పుడల్లా నాకు ఈ చమత్కారమే స్ఫురిస్తుంది. విజయం పేరు పెట్టుకున్న ఈ నేలమీద హైదరాబాదీలు మనసారా ప్రేమించింది విజయాన్ని కాదు, ఆటలోని సొగసును.

1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఈ స్టేడియంలో జరిగిన టెస్టులు మూడే మూడు. విచిత్రమేమంటే ఆ మూడింటిలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. 1955 నవంబరులో జరిగిన మొదటిది ఆ రెండు దేశాల మధ్య జరిగిన తొలి టెస్టు కూడా. మన ఊరి ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఆ మ్యాచిలో భారత జట్టుకు నాయకుడు. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు సాధించిన తొలి ద్విశతకం అదే. తొలి టెస్టు ఆడుతున్న కృపాల్ సింగ్ సరిగ్గా నూరు పరుగులతో అజేయంగా నిలిచాడు. అయినా ఫలితం తేలలేదు.

1969 నాటి రెండవ టెస్టులో మనవాళ్లు 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు. చివరి జోడీ వెంకటరాఘవన్, బేడీ నలభై పరుగులు జోడించి స్కోరును 89కి చేర్చారు. రెండవ ఇన్నింగ్సులో 268 పరుగుల లక్ష్యానికి ఏడు వికెట్లు కోల్పోయి 76 వద్ద ఉండగా వాన కురిసి మనల్ని కాపాడింది. వరుణదేవుడు మన పక్షాన ఆడిన మ్యాచి అది! మొత్తానికి ఈ 'విజయ మైదానం'లో భారత జట్టు టెస్టు గెలవడానికి 1988 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు మాత్రం పది వికెట్ల తేడాతో గెలిచారు. మన అజారుద్దీన్, మన అర్షద్ అయూబ్ ఆ జట్టులో ఉండడం ఊరికి రెట్టింపు సంబరం.

అయితే ఏ మైదానానికైనా ప్రాణం పోసేవి ఏళ్లకొకసారి వచ్చే టెస్టులు కావు. రంజీ ట్రోఫీ, మొయినుద్దౌలా గోల్డ్ కప్పు వంటి పోటీలలో సొంత ఊరి ఆటగాళ్లను దగ్గరనుంచి చూసే భాగ్యమే ఆ ప్రాణం. ఆ భాగ్యానికి మా తరంలో మరో పేరు ఎం.ఎల్. జయసింహ. నిలబెట్టిన కాలరు, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా చేతులు, తొందర ఎరుగని నడక. తెలుగు పంతులుగా నాకు శతకమంటే సుమతి, వేమన. వెనుక బెంచీ పిల్లలకు మాత్రం శతకమంటే బ్రిస్బేన్‌లో జయసింహ కొట్టినదే! 1968 జనవరిలో ఆస్ట్రేలియాకు హడావిడిగా పిలిపిస్తే, విమానం దిగి సరైన సాధన కూడా లేకుండానే అతడు 74, 101 పరుగులు చేశాడు. ఆ టెస్టులో భారత జట్టు ఓడిపోయింది. ఓటమిని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఆ ఆటను మరిచిపోయినవారు లేరు.

జయసింహ పదహారు సీజన్లపాటు హైదరాబాదు జట్టుకు నాయకత్వం వహించాడు. ఒక్కసారి కూడా రంజీ ట్రోఫీ గెలవలేదు. 1937-38లో ఐబారా అజేయ శతకంతో, ఒకే ఒక్క వికెట్టు తేడాతో గెలిచిన ట్రోఫీ తిరిగి మన ఊరికి వచ్చింది 1986-87లో, ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో. ఈ రెండింటి నడుమ ఉన్నదే మనం స్వర్ణయుగమని చెప్పుకునే కాలం! భారత జట్టులో జయసింహకు నాయకుడైన పటౌడీ, హైదరాబాదు జట్టులో జయసింహ నాయకత్వంలో ఆడేవాడు. గవాస్కర్ తన కుమారునికి పెట్టిన రోహన్ జైవిశ్వ అనే పేరులోని 'జై' మన జయసింహదే. ఇటువంటి గౌరవాన్ని ఏ ట్రోఫీతో తూచగలం?

అతడొక్కడే కాదు. 1971లో వెస్టిండీస్‌పై తొలిసారి సిరీస్ గెలిచిన భారత బృందంలో జయసింహతో కలిపి అయిదుగురు హైదరాబాదీలు ఉన్నారు. తక్కిన నలుగురు ఆబిద్ అలీ, జయంతీలాల్, వికెట్ కీపర్ కృష్ణమూర్తి, ఫాస్ట్ బౌలర్ గోవిందరాజ్. అదే ఏడాది ఓవల్‌లో ఇంగ్లండుపై విజయాన్ని ఖాయం చేసిన ఫోరు ఆబిద్ అలీ బ్యాటు నుంచి వచ్చింది. ఆయన 2025 మార్చిలో పరమపదించారు. జయంతీలాల్‌కు దక్కింది ఒకే ఒక్క టెస్టు. గోవిందరాజ్‌కు అదీ దక్కలేదు. అంకెల పట్టికలో గోవిందరాజ్ వంటివారికి చోటుండదు. వారిని బ్రతికించవలసింది చూసినవారి జ్ఞాపకమే.

ఫతే మైదానానికి పెద్ద క్రికెట్టు క్రమంగా దూరమైంది. 1999 నవంబరులో సచిన్, ద్రావిడ్ కలిసి 331 పరుగులు జోడించిన వన్డే అక్కడి చివరి మహోత్సవాలలో ఒకటి. చిత్రంగా అదీ న్యూజిలాండు మీదనే. 2003 నవంబరులో అంతర్జాతీయ పోటీలకు తెర పడింది. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఆ మైదానంలోనే 2023లో రేవంత్ రెడ్డి కూడా ప్రమాణం చేశారు. ఈ సభలు కొత్త తరానికి తెలుసు, ఆ టెస్టులు తెలియవు.

2005 నవంబరులో ఉప్పల్‌లో తొలి వన్డే జరిగింది. అంబర్‌పేట వాసులమైన మాకు రామంతాపూర్ దాటితే ఉప్పలే కనుక ఆట మరింత చేరువైంది. 2010లో ఇక్కడ జరిగిన తొలి టెస్టుకు వచ్చిన అతిథి ఎవరనుకున్నారు? మళ్లీ న్యూజిలాండే! కొత్త మైదానాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2009లో ఆస్ట్రేలియాపై సచిన్ 175 పరుగులు చేసినా మనం మూడు పరుగుల తేడాతో ఓడిన రాత్రిని ఉప్పల్ ప్రేక్షకులు నేటికీ తలచుకుంటారు. ఓటమిలోని సొగసును గుర్తించే హైదరాబాదీ గుణం ఆ రాత్రి ఫతే మైదానం నుంచి ఉప్పల్‌కు బదిలీ అయిందనిపిస్తుంది.

కానీ గుణం వచ్చినంత సులభంగా పేర్లు రావు. వాటిని ఎవరో ఒకరు చేతబట్టుకొని తేవాలి. ఉప్పల్ మెట్రో దారిలో 'స్టేడియం' అనే స్టేషను ఒకటుంది. ఐ.పి.ఎల్. రోజుల్లో నారింజరంగు చొక్కాలు తొడుక్కున్న పిల్లలు గుంపులుగా అక్కడ దిగుతారు. వారిని వెంటబెట్టుకొని వెళ్లే తాతలు ఆ స్టేషను వచ్చేలోగా జయసింహ గురించి రెండు మాటలు, గోవిందరాజ్ గురించి ఒక మాట చెబితే చాలు. పాత మైదానం నుంచి కొత్త మైదానానికి తేవలసిన ఆస్తి అంతకన్న వేరే లేదు.